అమ్మణ్ణి అడిగిన కుక్క

పెద్దకర్మ అయిన మర్నాడు, చుట్టాలందరూ వెళ్లిపోయాక, శ్యామసుందర్ తండ్రి ఎదురుగా వచ్చి కూర్చున్నాడు.

"బాపా, అమ్మ చివర్లో నన్నొకటి అడిగింది. అందరూ వెళ్లాక చెబుదామని ఆగాను."

మసేను కంచంలో అన్నం కెలుకుతున్నాడు గానీ తినడం లేదు. తల ఎత్తాడు.

"జపాన్ కుక్క కావాలంది," అన్నాడు కొడుకు.

ఈ మాట విని నవ్వాలో ఏం చెయ్యాలో మసేనుకి తెలియలేదు. ముప్పై ఏళ్ల కాపురంలో అమ్మణ్ణి ఇది కావాలని నోరు తెరిచి అడిగిన మనిషి కాదు. సొంతూరు చమఖండిలో వలలు ఒగ్గేసి బరంపురంలో ఐసు వ్యాపారం పెట్టినప్పుడూ అడగలేదు, హల్దియాపదర్‌లో ఈ ఇల్లు కట్టినప్పుడూ అడగలేదు. అలాంటి మనిషి పోయే ముందు అడగడమేమిటి, అందులోనూ కుక్కని?

"నీకెప్పుడు చెప్పింది?"

"ఆసుపత్రిలో నువ్వు మందుల కోసం కిందకి వెళ్లావు కదా, అప్పుడు. నా చెయ్యి పట్టుకుని చెప్పింది. శివరాత్రికి వచ్చినప్పుడు ఫోనులో బొమ్మ చూపించాను. మంచులో కూర్చుని ఉంటుంది, బొచ్చు కుక్క. ముద్దొస్తోందని ఎంత నవ్విందో నీకు గుర్తులేదూ?"

గుర్తుంది. ఆ నవ్వు వంటింట్లోంచి వీధిలోకి వినిపించింది. ఆసుపత్రిలో ఆ చివరి రోజు మసేను మందుల సంచితో పైకి వచ్చేసరికి ఆమె కళ్లు మూసుకుని ఉంది. ఆ తరవాత మళ్లీ మాట్లాడలేదు. ఆఖరి మాట ఏదీ తనకి చెప్పకుండానే పోయిందన్న సంగతి ఆయన ఇన్నాళ్లూ ఎవరితోనూ అనలేదు.

"అడిగిందా, అయితే కొను," అన్నాడు.

శ్యామసుందర్‌ని చిన్నప్పుడే భువనేశ్వర్‌లో ఇంగ్లీషు బడి హాస్టల్లో వేశారు. ఇంటి దగ్గర కుర్రాడితో ఒడియాలోనో ఇంగ్లీషులోనో మాట్లాడండి, తెలుగుతో కలగాపులగం చెయ్యకండి అని ఆ బడివాళ్లు చెప్పారు. అమ్మణ్ణికి ఇంగ్లీషు ఎక్కడిది? పక్కింటి వాళ్ల దగ్గర ఒడియా బాగు చేసుకుని, కొడుకు వస్తే ఆ భాషలోనే అన్నం పెట్టేది. వాడు ఒడియా పిల్లల్లాగే తండ్రిని బాపా అంటాడు. తెలుగు అర్థమవుతుంది. మాట్లాడితే మాత్రం బజారు తెలుగూ టీవీ తెలుగూ కలిసి వస్తుంది.

కుక్కలమ్మే ఏజెంటు బరంపురంలోనే దొరికాడు. బొమ్మలున్న పుస్తకం ఒకటి ముందు పెట్టాడు.

"కాగితాలున్న దానికి ఒక రేటు సార్, లేని దానికి ఒక రేటు. మీకు అసలు జాతి కావాలంటే కాగితాలున్నదే తీసుకోండి. తాతముత్తాతల పేర్లు అన్నీ రాసి ఉంటాయి."

"నా ముత్తాత పేరు నాకే తెలీదు బాబూ," అన్నాడు మసేను.

ఏజెంటు మర్యాదగా నవ్వి, లక్షా ఇరవై వేలు చెప్పాడు. కుక్కపిల్లని కలకత్తా నుంచి విమానంలో తెప్పిస్తాడట. ఆ ఖర్చు వేరే, సూదిమందులు వేరే, తిండి వేరే. శ్యామసుందర్ బేరం ఆడబోయి, అమ్మ పేరు చెప్పుకుని బేరమేమిటనుకున్నాడో ఏమో, ఊరుకున్నాడు. అప్పు తీసుకున్నాడు. తండ్రి సగం ఇస్తానంటే ఒప్పుకోలేదు. "అడిగింది నన్ను కదా," అన్నాడు.

రెండు రోజులకి ఏజెంటు ఇల్లు చూడటానికి వచ్చాడు.

"మంచుదేశం కుక్క సార్. ఈ ఊరి ఎండకి ఆగదు. ఒక గదికి ఏసీ పెట్టించాలి."

ఊరందరికీ ఐసు అమ్మే మనిషి ఇంట్లో ఏసీ లేదు. వేసవి మధ్యాహ్నాలు అమ్మణ్ణి గచ్చు మీద నీళ్లు చల్లుకుని, తాటాకు విసనకర్రతో పడుకునేది. ఇప్పుడామె గదికే ఏసీ బిగించారు. బిగించే మనిషి గోడకి కన్నం వేస్తుంటే మసేను అక్కడ నిలబడలేక బయటికొచ్చాడు.

ఏసీ పని చూడటానికి మళ్లీ వచ్చిన ఏజెంటు గేటు వైపు చూస్తున్నాడు. "ఆ కుక్క ఎవరిది?"

గేటు పక్కన బట్టలుతికే రాయి దగ్గర ఎర్ర కుక్క పడుకుని ఉంది. ఎడమ చెవి కొస తెగి ఉంటుంది. ఒక తుపాను రోజు గేటు కింద నుంచి దూరి వచ్చింది. అమ్మణ్ణి గంజి పోసింది, అది ఉండిపోయింది. పేరు పెట్టమంటే, "పేరు పెడితే మనదైపోద్ది. రేపు పోతే ఏడవాల," అనేది. ఆమె ఆసుపత్రికి వెళ్లినప్పటి నుంచీ దానికి ఎవరు తిండి పెడుతున్నారో, అసలు పెడుతున్నారో లేదో మసేను పట్టించుకోలేదు. దాన్ని దాటుకుని వెళ్లడం, దాటుకుని రావడం, అంతే.

"ఎవరిదీ కాదు," అన్నాడు.

"అయితే తీయించెయ్యండి. మన పిల్లకి సూదిమందులింకా పూర్తి కాలేదు. వీధి కుక్క రోగం అంటుకుంటే రెండు రోజుల్లో పోతుంది. తరవాత నన్నేమీ అనకూడదు."

శ్యామసుందర్ అప్పటికే భువనేశ్వర్‌లో ఉద్యోగానికి వెళ్లిపోయాడు. మర్నాడు పొద్దున ఐసు వ్యాను గంజాం వెళుతుంటే, కుక్కని అక్కడ వదిలెయ్యాలని మసేను కూడా బయలుదేరాడు. చమఖండి దగ్గరే. కానీ అక్కడ వదిలితే మరదలు ఎర్రమ్మ చూసి, ఇదేటి బావా అని నిలేస్తుంది. గంజాంలో అయితే పడవలొచ్చే చోట చేప తలకాయలకి కరువుండదు. ఎక్కడున్నా బతుకుతుంది.

ఎలా ఎక్కించాలా అని వ్యాను డ్రైవరు కాసులు తాడు వెతుకుతున్నాడు. మసేను "దా" అన్నాడు. ఆయన దాన్ని పిలవడం అదే మొదటిసారి. కుక్క లేచి, ఒళ్లు దులుపుకుని, తనంతట తనే వ్యాను ఎక్కింది.

గంజాంలో దించాక అది ఇసకలో కూర్చుంది. వ్యాను తిరిగింది. వెనక పరిగెత్తుకొస్తుందేమోనని మసేను అద్దంలో చూశాడు. రాలేదు. కూర్చునే ఉంది. అదీ మంచిదే అనుకున్నాడు.

జపాన్ పిల్ల బుట్టలో వచ్చింది. శ్యామసుందర్ సెలవు పెట్టి తనే తీసుకొచ్చాడు. గోధుమ రంగు బొచ్చు, మడతపడిన తోక, తెల్లటి మూతి. తల్లి గదిలో దాని పక్కనే చాప వేసుకుని పడుకున్నాడు. పొద్దెక్కినా లేవలేదు.

"అమ్మ పోయాక ఇదే బాపా నాకు నిద్ర పట్టడం," అన్నాడు కాఫీ తాగుతూ. "ఒక్క పనైనా చెయ్యగలిగానని ఉంది. ఉన్నన్నాళ్లూ ఏం చేశాను?"

మసేను వాడి భుజం మీద చెయ్యి వేశాడు. కొడుకు వెళ్లిపోతూ కుక్కకి ఏ పూట ఏం పెట్టాలో ఒకటికి రెండుసార్లు చెప్పి వెళ్లాడు.

ఆ ఆదివారం ఎర్రమ్మ ఎండుచేపల సంచితో వచ్చింది. అమ్మణ్ణి చెల్లెలు ఆమె. చమఖండి నుంచి బరంపురం బజారుకి వచ్చినప్పుడల్లా అక్క ఇంట్లో దిగడం అలవాటు. గది తలుపు తీసి, గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఓలమ్మో! ఏటి బావా ఇది? నక్కా, ఎలుగ్గొడ్డు పిల్లా?"

"కుక్కే."

"కుక్కకి ఏసీ యేటి? మా అక్క బతికున్నన్నాళ్లూ ఇసనకర్రేనా? నీకు మతి గాని పోనాదా బావా?"

అప్పుడే ఫోను మోగింది. శ్యామసుందర్ రోజూ ఆ వేళకి కుక్కని చూడటానికి వీడియోలో వస్తాడు. ఎర్రమ్మే ఫోను అందుకుంది.

"ఏరా నాయినా, ఏటి కుక్కరా ఇది, సింహాసనం మీద కూకుంది?"

"అకిటా, పిన్నీ."

"ఏటీ?"

"అకిటా. అకిటా కుక్క."

ఎర్రమ్మ పడీపడీ నవ్వింది. "ఆకిట కుక్కా? ఆకిట కుక్కయితే ఆకిట పడుంటది గానీ, మంచమ్మీద పరుపేసుకుని ఉంటదేట్రా? బాగుంది నీ సోద్దెం! అసలు ఆకిట కుక్క ఏదీ, అక్క గంజి పోసినాది? గేటు కాడ అగుపడనేదు?"

"అకిటా ఇదే పిన్నీ," అన్నాడు శ్యామసుందర్ అయోమయంగా.

మసేను చేతిలో పాలగిన్నె ఉంది. దాన్ని కింద పెట్టాడు. కొడుకు ఇన్నాళ్లూ తనతో జపాన్ కుక్క అనే అన్నాడు. తెచ్చిననాడూ అదే మాట. ఏజెంటు ఇంగ్లీషులో ఏదో పేరు చెప్పినప్పుడు తను విననే లేదు. ఇలా, ఎర్రమ్మ నోటి వెంట, అమ్మణ్ణి గొంతులాంటి గొంతుతో ఆ మాట వినడం ఇదే మొదలు.

ఫోను తీసుకున్నాడు.

"ఒరే, ఆ రోజు అమ్మ ఏమంది? నీ మాటల్లో వద్దు. ఆమె ఎలా అందో అలాగే చెప్పు."

"ఒడియాలో అనలేదు బాపా. తెలుగులో అంది. గొంతు సరిగ్గా లేదు. 'ఆకిట కుక్కని సూసుకోరా నాయినా' అంది, శివరాత్రికి నేను చెప్పిన పేరే. చూసుకో అంటే చూడమనే కదా, వెతికి తెమ్మని? ఏం, ఎందుకు?"

కొడుకుతో అమ్మణ్ణి వాకిలిని ఎప్పుడూ ఒడియాలో అగణా అనే అనేది. వాడికి వాకిలంటే అగణాయే, చమఖండివాళ్లు అనే ఆకిలి కాదు. ఆఖరి గంటలో ఆమెకి ఆ నేర్చుకున్న భాష జారిపోయింది. చమఖండి మాట మిగిలింది. ఆ మాట తెలిసిన మనిషి మందుల దుకాణం ముందు వరసలో నిలబడి ఉన్నాడు.

"ఏం లేదు," అన్నాడు మసేను. "సరిగ్గానే విన్నావు. ఊరికే అడిగాను."

"పాలు తాగిందా?"

"తాగుతోంది."

ఫోను పెట్టేశాక ఎర్రమ్మ నవ్వడం లేదు. బావ మొహం చూసి ఆమెకి సగం అర్థమైంది. మిగతా సగం ఆయన చెప్పాడు.

"మరి ఆ కుక్క?"

"గంజాంలో వదిలేశారు."

"ఎవులు ఒగ్గీసినారు?"

"నేనే ఎర్రీ. నేనే ఎక్కించుకెల్లి ఒగ్గేసినాను." చాలా ఏళ్ల తరవాత ఆయన నోట చమఖండి మాట వచ్చింది.

ఎర్రమ్మ గచ్చు మీద కూలబడింది. సంచిలోంచి ఎండుచేపలు తీసి, మళ్లీ లోపల పెట్టింది.

"గుంటడికి సెప్తావా?"

"ఒద్దు. ఆడు ఇప్పుడిప్పుడే నిద్రోతన్నాడు. నువ్వూ సెప్పకు."

"సెప్పను గానీ... అక్క మాట ఏటవ్వాల బావా?"

జపాన్ పిల్ల వచ్చి ఆయన పాదం నాకుతోంది. దాని తప్పేముంది? మళ్లీ పాలగిన్నె అందుకుని దాని ముందు పెట్టాడు.

మర్నాడు పొద్దున అన్నం మూట కట్టుకుని గంజాం వ్యాను ఎక్కాడు. ఐసు దించుతున్నంతసేపూ మసేను పడవల మధ్య తిరిగాడు. చేపలు ఏరుతున్న ఆడవాళ్లని అడిగాడు.

"ఎర్ర కుక్కా? ఇక్కడన్నీ ఎర్రయ్యే బావూ. ఏది గావాలో ఏరుకో," అందొకామె.

"ఎడం సెవి తెగుంటాది."

"కాట్లాటల్లో దేని సెవి మిగిలినాది గనక! పేరేటి?"

"పేరు నేదు."

"పేరు నేని కుక్కని ఏటని పిలుత్తావు?" అని పక్కనున్న ముసలామె నవ్వింది. మిగతావాళ్లూ నవ్వారు. నవ్వులో ఎగతాళి లేదు, పొద్దున్నే దొరికిన కాలక్షేపం, అంతే.

అమ్మణ్ణి దాన్ని ఎలా పిలిచేదో మసేనుకి తెలియదు. ఆమె దానికి తిండి పెట్టే వేళకి ఆయన బజారులో ఉండేవాడు. పక్కకి వెళ్లి ఎర్రమ్మకి ఫోను చేశాడు.

"మీ అక్క ఏమని పిలిచేది దాన్ని?"

"పిలవడమేటి బావా. గంజి గిన్నె అడుగు గరిటితో గీకేది. ఆ సప్పుడికి ఒచ్చీది."

మసేను వెనక్కి వచ్చి ముసలామెని గిన్నె అడిగాడు. ఆమె టీ గిన్నె ఇచ్చింది. గరిటె లేదు, చెంచా ఇచ్చింది. ఆయన పడవ నీడలో గొంతుక్కూర్చుని, గిన్నె అడుగు గీకడం మొదలుపెట్టాడు. అరవై ఏళ్ల మనిషి, తెల్ల చొక్కా వేసుకున్న ఐసు వ్యాపారి, అలా గీకుతుంటే ఆడవాళ్లు ఈసారి నవ్వలేదు. పడవల సందుల్లోంచి కుక్కలొచ్చాయి. ఎర్రవి, నల్లవి, చెవులున్నవి, లేనివి. ఒక్కొక్కదాని మొహం దగ్గరగా చూశాడు. అది కాదు. ఇదీ కాదు. ఇంకా గీకాడు.

"సాలు బావూ, గిన్నె బొక్కడిపోద్ది," అంది ముసలామె. గొంతు మెత్తబడి ఉంది.

మూట విప్పి అన్నం వచ్చిన కుక్కలకే పెట్టాడు. కాసులు దూరం నుంచి హారను కొట్టాడు. ఎండ ముదరకముందే ఇంటికి చేరాలి, ఆ పిల్లకి తిండి వేళ అవుతోంది. గిన్నె ఇసకతో తోమి, నీళ్లతో కడిగి, తిరిగి ఇచ్చాడు.

"రేపు కూడా ఒకపాలి ఇస్తావా ఈ గిన్నె?" అని అడిగాడు.

"ఇత్తానులే," అంది ముసలామె. "నువ్వు రా."