వెనక్కి తిరిగే మీటరు

సీబ్రెన్ రోజూ పొద్దున పదింటికి కాఫీ పెట్టుకుని, డబ్బాలోంచి ఒక్క బిస్కట్ తీసి, మూత టక్కున మూసేస్తాడు. అతనుండే ఫ్రీస్లాండ్ ప్రాంతంలో ఎవరింటికెళ్ళినా అంతే, కప్పుకి ఒకటి. రెండోది అడిగినవాడి గురించి ఊరు నెల్లాళ్ళు చెప్పుకుంటుంది. అందుకే ఆదివారం పక్కింటి ఫ్రౌకె మూత మూయకుండా డబ్బా అతని వైపు జరిపి, "ఇంకోటి తీసుకో" అన్నప్పుడు, పాపం ఆ అరవై ఎనిమిదేళ్ళ బ్రహ్మచారికి చెమటలు పట్టాయి.

"చూడు సీబ్రెన్, సాగదీయకుండా అడుగుతున్నా. ఇద్దరం ఒకే ఇంట్లో ఉందామా? వద్దంటే చెప్పెయ్. శుక్రవారం ఇల్లు అమ్మకానికి పెట్టేసి దేశానికి ఆ చివరున్న మాస్త్రిక్ట్‌లో మా చెల్లి దగ్గరికి పోతా."

"రాసి ఇస్తాలే," అన్నాడు, నోట్లో బిస్కట్ అలాగే ఉండగా.

సోమవారం పొద్దున్నే రాశాడు: "వద్దు ఫ్రౌకె. ఒంటరిగా అలవాటైపోయింది." సాయంత్రం కుక్కని తిప్పేటప్పుడు ఆమె తలుపుకున్న ఉత్తరాల కంతలో వేద్దామని, కాగితం మడిచి మీటరు అల్మరాలో పెట్టాడు.

డిసెంబరు మబ్బు పెంకుల మీదికి దిగింది. కప్పు మీది పన్నెండు సోలార్ పలకలూ ఫోన్‌లో సున్నా చూపిస్తున్నాయి. ఎండాకాలంలో కరెంటు మిగిలి పాత మీటరు చక్రం వెనక్కి తిరిగిందంటే అర్థముంది. పట్టపగలు దీపం పెట్టుకునే చీకట్లో కూడా అది గిర్రున వెనక్కే తిరుగుతుంది. దాంతోపాటు ఇంట్లో పొద్దుటి పనులూ వెనక్కి పోతాయి. కోసిన రొట్టె అతుక్కుంటుంది, తిన్న బిస్కట్ డబ్బాలోకి వచ్చేస్తుంది. ఆ వీధిలో ఇది వింతేం కాదు. పాత మీటరున్న ఇళ్ళలో చలికాలం పొద్దున్నే చిక్కుడు గింజలు ఉడకేయరు, మధ్యాహ్నానికి పచ్చివైపోతాయని. సాయంత్రం సీబ్రెన్ కాగితం విప్పి చూడకుండానే కవరులో పెట్టి, ఫ్రౌకె తలుపు కంతలో వేసొచ్చాడు.

మంగళవారం ఫ్రౌకె కాగితం ఊపుకుంటూ వచ్చింది. "ఇదేమిటయ్యా, తెల్ల కాగితం పంపావు? మాటలకి కరువొచ్చిందా?"

"నేను రాశానే!"

"పొద్దున రాసి సాయంత్రందాకా మీటరున్న ఇంట్లోనే పెట్టుంటావు, తెలివైనవాడా. పోనీ నోటితో చెప్పు."

సీబ్రెన్ తన బూట్ల వైపు చూసుకున్నాడు. "మళ్ళీ రాస్తా."

ఆ రోజు రాసి కిటికీలో పెట్టాడు. బుధవారం రాసి బైబిల్ కింద పెట్టాడు. రెండుసార్లూ మధ్యాహ్నానికి అక్షరం మిగల్లేదు. రాయగానే వెళ్ళి వేసి రావచ్చుగా? పట్టుమని పది అడుగులు లేవు. ఎందుకు వెళ్ళలేదో అతనికే అంతుబట్టలేదు. తను వద్దన్నాడా, అనలేదా? తల గోక్కుంటూ కూర్చున్నాడు.

గురువారం పొద్దున్నే మీటరు మార్చే అమ్మాయి వచ్చి, చక్రాన్ని ఊడదీసి, అంకెల మీటరు బిగించింది.

"ఇక ఆ గొడవ లేదు పెద్దాయనా. ఇది వెనక్కి తిరగదు."

"ఏదీ వెనక్కి రాదా?"

"రాదండీ. అయిందేదో అయినట్టే."

ఆమె వెళ్ళాక నాలుగోసారి ఉత్తరం రాశాడు. మధ్యాహ్నం మబ్బు కమ్మింది. రొట్టె ముక్కలు ముక్కలుగానే ఉన్నాయి. ఉత్తరం విప్పి చూశాడు. "వద్దు ఫ్రౌకె" అన్న మాట నల్లగా, కదలకుండా అలాగే ఉంది.

సీబ్రెన్ దాన్ని వేలితో రుద్ది చూశాడు. ఇన్నాళ్ళూ చక్రం ఉందన్న ధైర్యంతో వద్దన్నాడు. ఇక దీన్ని చెరిపేవాళ్ళెవరూ లేరు. ఉత్తరం పొయ్యిలో పడేసి, బిస్కట్ డబ్బా చంకలో పెట్టుకుని, కోటైనా వేసుకోకుండా పక్కింటికి పరిగెత్తాడు.

ఫ్రౌకె వసారాలో అమ్మకం బోర్డు గోడకి ఆనించి ఉంది. ఆమె కాఫీ పోసింది. చెరో బిస్కట్ తిన్నారు. సీబ్రెన్ మూత మూయలేదు. డబ్బా ఆమె వైపు జరిపాడు.

"ఇంకోటి తీసుకో."

ఫ్రౌకె అతని మొహంలోకి చూసింది. "రేపు మళ్ళీ వెనక్కి తీసుకోవుగా?"

"మీటరు మార్చేశారు," అన్నాడు సీబ్రెన్.

ఆమె రెండో బిస్కట్ తీసుకుని కాఫీలో ముంచింది.