కళ్ళు దిద్దిన చెయ్యి

నేను ఒక మడత మంచాన్ని. మా ఇంటికి చుట్టం వస్తే చేయాల్సిన పనులు నాకు కంఠతా వచ్చు: నా నవారు బిగించాలి, కుంటి కాలి కింద ఇటుక ముక్క పెట్టాలి, పక్కింట్లో దిండు అడిగి తేవాలి, రంగు డబ్బాలు బయటికి జరపాలి, కొమురయ్య నేల మీద పడుకోవాలి.

వెల్డింగ్ షాపులో పుట్టి టెంట్ హౌస్‌లో పెరిగాను. పెళ్ళిళ్ళలో మగపెళ్ళివారి అలకలన్నీ మోశాను. ఆ టెంట్ హౌస్‌కి బోర్డు రాసినందుకు నన్ను పెయింటర్ కొమురయ్యకు ఇచ్చేశారు. హైదరాబాద్‌లో రైలు పట్టాల వెనక, మురుగు కాలువ పక్కన ఉన్న పెయింటర్ల గల్లీ మాది. ఫ్లెక్సీలు వచ్చాక అక్కడ కుంచెలు ఎండిపోయాయి. "గిరాకీ వస్తెనే ఉండు, లేకుంటే దసరాకి అర్ర ఖాళీ చెయ్యి" అన్నాడు ఇంటి ఓనరు.

అప్పుడే శ్రీకర్ మా ఇంటికి అతిథిగా వచ్చాడు. ఆర్ట్ కాలేజీలో చదివినవాడు. అసలైన బస్తీలో కొన్నాళ్ళు ఉండి గోడ మీద బొమ్మ వేస్తాడట. మురుగు వాసనలో కూడా జీవం ఉందన్నాడు. తిరుగు టికెట్ ఉన్నవాళ్ళకు అలాగే అనిపిస్తుంది. నిద్ర నా మీద, తిండి కొమురయ్య భార్య లింగమ్మ చేతిది. ఆమె బొమ్మనే పెద్ద గోడ నిండా వేశాడు.

మా గల్లీలో ఒక పద్ధతి ఉంది. బొమ్మ ఎవరు వేసినా కళ్ళు మాత్రం అక్కడున్నవాళ్ళలో పెద్ద చెయ్యే, అంటే అనుభవమున్న పెయింటరే దిద్దాలి. కళ్ళు దిద్దినవాడి పేరే కింద రాయాలి. అందరికీ తెలిసిందే కాబట్టి ఎవరూ నోటితో చెప్పుకోరు.

శ్రీకర్‌కు కళ్ళు కుదరలేదు. "అంకుల్, మీరొకసారి చూస్తారా?" అంటూ కుంచె అందించాడు. కొమురయ్య దాన్ని కళ్ళకద్దుకుని పరంజా ఎక్కాడు. దిగేసరికి గోడ మీద లింగమ్మ గల్లీనంతా గద్దిస్తున్నట్టు చూస్తోంది.

"ఏందయ్యా, నేను గంత కోపిష్టిదాన్నా?"

"ఇంకా తక్కువనే పెట్టిన. రేపు కింద నా పేరు పడనీ, గిరాకీ ఎట్లొస్తదో చూడు."

తెల్లారి గోడ మీద శ్రీకర్ పేరు పడింది.

"అడుగరాదయ్యా!" అంది లింగమ్మ.

"ఇంటికొచ్చిన చుట్టాన్ని ఎట్ల అడుగుత? పెట్టిన బువ్వ ఎత్తి చూపినట్టుంటది."

వెళ్ళేటప్పుడు శ్రీకర్ ఇద్దరి కాళ్ళకూ మొక్కాడు. చెడ్డవాడు కాదు. నాకు ఎక్కువ చేదు అదే.

గోడ పేరు మోగింది. ఫొటోల కోసం జనం ఎగబడ్డారు. ఓనరు దసరా దాకా కూడా ఆగలేదు. మా అర్రను కాఫీ హోటల్ చేశాడు. సామానుతో వాళ్ళిద్దరూ ఆటో ఎక్కారు. చోటు చాలక నేను మిగిలిపోయాను. ఇప్పుడు నా చుట్టూ తాడు కట్టి పలక తగిలించారు: 'చిత్రకారుడు శ్రీకర్ ఈ మంచం మీద నిద్రించారు.' పక్కన నేల మీద ఎవరు పడుకున్నారో పలకలో లేదు.

మీరూ వస్తారు. గోడ ముందు ఫొటో దిగండి, వద్దనను. లింగమ్మ కళ్ళలోకి చూసినప్పుడు మాత్రం, కొమురయ్య అని ఒక్కసారి తలుచుకోండి.