ఏడో ఇంజన్

“టీ సంగతి నువ్వు చూసుకో పిల్లా. ఇంజన్ సంగతి నేను చూసుకుంటా.”

మొగుడు సిరిల్ ఆ మాట అనేసరికి థెల్మా ఇరవై ఎనిమిదో శాండ్‌విచ్‌కి వెన్న రాస్తోంది. కత్తి ఆగలేదు. మొత్తం నలభై చెయ్యాలి. సగం హామ్‌వి, సగం గుడ్డువి. హెడ్లీ ఇంటి తోటలో ఇవాళ, బుల్లి ఆవిరి రైళ్ళు నడిపే తోట రైళ్ళ సంఘం వాళ్ళు వేసవిలో మొదటిసారి కలుస్తున్నారు. మగవాళ్ళు ఇంజన్లు తెస్తారు, ఆడవాళ్ళు తిండి డబ్బాలు తెస్తారు. ఈ యార్క్‌షైర్ లోయలో ముప్ఫై ఏళ్ళుగా అదే పద్ధతి. థెల్మాకి అరవై ఒకటి. ఆమెని పిల్లా అని పిలిచేవాడు లోకంలో సిరిల్ ఒక్కడే మిగిలాడు.

బల్లకి ఆ చివర, మడతపెట్టిన పాత దుప్పటి మీద, ఇంజన్ ఉంది.

మూర పొడవు. మూడు నెలల పిల్లంత బరువు. చెరువు నీడలాంటి ముదురాకుపచ్చ ఒళ్ళు, దాని మీద వెంట్రుకంత సన్నగా మీగడ రంగు గీత, ఆ గీతని ఆనుకుని అంతకన్నా సన్నగా ఎర్ర గీత. థెల్మా ఎనిమిది పూతలు వేసింది. పూత పూతకీ తడిపిన గరుకు కాగితంతో రుద్ది, వంటింటి ఓవెన్లో సన్నటి వేడి మీద ఆరబెట్టి, మళ్ళీ వేసింది. కిటికీలోంచి మబ్బు కదిలితే ఆ మబ్బు బాయిలర్ మీద కూడా కదులుతోంది. తను చేసినదే అయినా, దాటి వెళ్ళేటప్పుడల్లా థెల్మా అడుగు తడబడుతోంది. గుడిలోకి వెళ్ళినప్పుడు గొంతు తనంతట తానే తగ్గుతుందే, అలాగ.

మొదటి ఆరు ఇంజన్లూ సిరిల్ చేశాడు. ఆమె రంగులు వేసింది. రంగుల పని ఆమెకి కొత్త కాదు. పదిహేనో ఏట సైకిళ్ళ ఫ్యాక్టరీలో చేరి, ఏడేళ్ళపాటు ఫ్రేముల మీద బంగారు గీతలు గీసింది. పొడుగు వెంట్రుకల కుంచె, స్కేలు లేదు, ఆధారం లేదు, బిగబట్టిన ఊపిరే ఆధారం. రోజుకి యాభై ఫ్రేములు. “ఆడపిల్లల వేళ్ళు సన్నం, అందుకని వస్తుంది. ఇందులో పనితనం ఏముంది?” అనేవాడు మేస్త్రీ. పెళ్ళి కుదిరిందని చెప్పిన రోజున, “మంచిది, సోమవారం నుంచి రానక్కర్లేదు” అన్నాడు. ఆ తర్వాత ఆ వేళ్ళు గిన్నెలు తోమాయి, కాలర్లు ఇస్త్రీ చేశాయి, ఇద్దరు ఆడపిల్లల జడలు అల్లాయి. సిరిల్ మొదటి ఇంజన్ తెచ్చి, “దీనికి కాస్త రంగు పుయ్యి, నీకు ఖాళీయేగా” అన్నప్పుడు వాటికి మళ్ళీ ప్రాణం వచ్చింది. అప్పుడు అత్తగారు ఇంట్లోనే ఉండేది. “ఆదివారం మాంసం పెట్టాల్సిన ఓవెన్లో ఇనుము పెడుతుందమ్మా నా కోడలు” అని వచ్చిన వాళ్ళందరికీ చెప్పేది. ఇంజన్ చూసిన వాళ్ళు మాత్రం, “సిరిల్, ఏం గీశావయ్యా గీత!” అనేవారు. సిరిల్ కాదనేవాడు కాదు. అవుననేవాడూ కాదు. నవ్వి ఊరుకునేవాడు.

ఏడో దానికి వచ్చేసరికి సిరిల్ కుడిచేతి వేళ్ళు రెండు అరచేతిలోకి ముడుచుకుపోయాయి. ఆపరేషన్ చేశారు, తిన్నగా రాలేదు. ఇక తన వల్ల కాదని దాని నక్షాలు సొరుగులో పడేశాడు. ఆ సాయంత్రం అతని మొహం చూడలేక థెల్మానే అంది: “నువ్వు చెప్పు, నేను పట్టుకుంటా.”

మొదటి నెల అతను చెప్పాడు, ఆమె పట్టుకుంది. రెండో నెల సగం చెప్పి టీకి వెళ్ళాడు. చలికాలం వచ్చేసరికి అతను ముందు గదిలో రేడియోలో రగ్బీ వింటున్నాడు, ఆమె షెడ్డులో ఒక్కతీ బాయిలర్ అతుకుతోంది. రాగి ఎర్రబడి, ఇంకా ఎర్రబడి, ఒక క్షణం దగ్గర వెండి టాంకం తీగ కొస తగలగానే, ఆ వెండి కరిగి అతుకు చుట్టూ తనే పరిగెత్తింది. ఎవరో పిలిచినట్టు, దాహం వేసిన లోహం పీల్చుకున్నట్టు. థెల్మా మంట ఆర్పి స్టూలు మీద కూలబడింది. అరవై ఏళ్ళు ఈ భూమ్మీద బతికింది, లోహం ఇలా చేస్తుందని తనకి ఎవరూ చెప్పలేదేం? ఇంత అద్భుతం వారానికోసారి ఈ షెడ్డులో జరుగుతూ ఉంటే తను అవతల వంటింట్లో బంగాళాదుంపల చెక్కు తీస్తూ కూర్చుందా? తర్వాత సిలిండర్లు కూర్చింది. ఆవిరిని పిస్టన్‌కి ఇటొకసారి అటొకసారి పంపే చిన్న వాల్వుల్ని, భూతద్దం పెట్టుకుని, తొమ్మిది రోజులు సవరించింది. సిరిల్ అప్పుడప్పుడు తొంగి చూసి, “బాగానే చేస్తున్నాం” అనేవాడు. సంఘంలో మాత్రం, “నా ఏడోది వస్తోంది” అన్నాడు.

థెల్మాకి పేరు అక్కర్లేదు. ఆమె కోరుకున్నది ఒక్కటే. ఇంజన్ మొట్టమొదటిసారి కదిలేటప్పుడు, ఆవిరి వదిలే ఆ చిన్న పిడి మీద తన వేళ్ళు ఉండాలి. గురువారం నాడు అడిగింది కూడా. సిరిల్ నవ్వాడు, చెడ్డగా ఏం కాదు. “మొదటిసారి తయారుచేసినవాడే తిప్పాలి కదా పిల్లా, సంఘం ఆచారం. నువ్వు తిప్పితే వాళ్ళేమనుకుంటారు?”

ఏమనుకుంటారో ఆమెకి తెలుసు. నిజం అనుకుంటారు.

మధ్యాహ్నానికి చినుకు ఆగింది. హెడ్లీ ఇల్లు కొండవాలులో ఉంది. ఇంటి వెనక రాతిగోడ, గోడ మీదుగా నడుం ఎత్తున పట్టాలు. రూబార్బ్ మొక్కల మడి చుట్టూ తిరిగి, నీటితొట్టి మీద వంతెన దాటి, మళ్ళీ మొదటికి వస్తాయి. పాతికమంది చేరారు. కొత్త ఇంజన్ అంటే అంతే, పక్క లోయ నుంచి కూడా వస్తారు. కొత్త ఇంజన్ మొదటిసారి కదిలేదాకా ఎవరూ నోరు విప్పకూడదు. దాన్ని తయారుచేసినవాళ్ళు తప్ప ఎవరూ చెయ్యి వెయ్యకూడదు, సలహా కూడా చెప్పకూడదు. కదిలినా వాళ్ళదే, కదలకపోయినా వాళ్ళదే. గెడ్డం హెడ్లీ, సంఘం పెద్ద, టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. మిగతావాళ్ళూ తీశారు.

టీ బల్ల దగ్గర నుంచి థెల్మా చూస్తోంది. పక్కన హెడ్లీ భార్య ఎడ్నా కప్పులు పేర్చడం ఆపేసింది.

సిరిల్ గ్యాస్ వెలిగించాడు. ‘భగ్’మని అంటుకుని సన్నగా హోరెత్తింది. ఆవిరి ఒత్తిడి చూపే ముల్లు కదిలింది. పది. ఇరవై. నలభై. బాయిలర్ మీద మబ్బులు వణుకుతున్నాయి. సిరిల్ ఎడమ చేత్తో పిడి తిప్పాడు.

ఇంజన్ ఒక్కసారి వణికింది. కదల్లేదు.

ఇంకాస్త తిప్పాడు. పొగగొట్టంలోంచి నల్లటి నూనెనీళ్ళు ఎగజిమ్మి ఆకుపచ్చ ఒంటి మీద, మీగడ గీత మీద పడ్డాయి. చక్రాలు బిగుసుకుని ఉన్నాయి. థెల్మాకి తెలిసిపోయింది. సిలిండర్లు చల్లగా ఉన్నాయి. లోపలికి వెళ్ళిన ఆవిరి నీళ్ళయి కూర్చుంది, నీళ్ళు నొక్కితే నొక్కుకునేవి కావు. చేత్తో అటూ ఇటూ నెట్టి ఆ నీళ్ళు కక్కించాలి. తోట రైళ్ళవాళ్ళకి అది ఓనమాలతో సమానం. పాతికమంది చూస్తున్నారన్న కంగారులో సిరిల్ ఆ ఓనమాలే మర్చిపోయాడు. హెడ్లీ దవడ బిగుసుకుంది. తెలిసీ చెప్పకూడదు.

సిరిల్ మెడ ఎర్రబడింది. ఆచారం తప్పి అతనే నోరు విప్పాడు.

“వాల్వులు తప్పు పెట్టింది! చెప్తూనే ఉన్నా, జాగ్రత్తగా పెట్టవే థెల్మా అని. వింటేగా!”

హెడ్లీ నెమ్మదిగా అడిగాడు. “వాల్వులు ఎవరు పెట్టారన్నావ్?”

“పెట్టిందంటే... సాయం చేసిందిలే. నా చెయ్యి సంగతి మీకు తెలుసుగా.”

“మరి బాయిలర్ అతికింది?”

“అదీ... పట్టుకుంది. నేను చెప్తుంటే.”

“మరి నువ్వేం పట్టుకున్నావయ్యా సిరిల్, రేడియోనా?” అంది ఎడ్నా, టీ బల్ల దగ్గర నుంచి.

ఎవరో కిసుక్కుమన్నారు. థెల్మా నవ్వలేదు. అతని ముడుచుకున్న వేళ్ళు కనపడుతున్నాయి ఆమెకి, జాలి వేసింది కూడా. కానీ ఆ జాలికీ ఆ ఇంజన్‌కీ సంబంధం లేదని మొదటిసారి తోచింది. అక్కడ నీళ్ళు మింగి ఊపిరాడక నిలబడ్డది తను తొమ్మిది రోజులు భూతద్దంలోంచి చూసిన ప్రాణం. భుజం మీది గిన్నెలు తుడిచే గుడ్డ తీసి చేత్తో పట్టుకుంది. తడిగడ్డి మీదుగా నడిచింది. అందరూ చూస్తుండగా ఇంజన్ వీపు మీద చెయ్యి వేసింది.

ఆ చెయ్యి ఏం చెప్పిందో అక్కడున్న ప్రతివాడికీ తెలుసు.

పిడి మూసింది. ఇంజన్‌ని వేలెడు ముందుకి నెట్టింది, వేలెడు వెనక్కి లాగింది. గొట్టం ఉమ్మింది. గుడ్డతో తుడిచింది, గీత చెదరకుండా. మళ్ళీ నెట్టింది. మళ్ళీ ఉమ్మింది. చక్రాలు కాస్త వదులయ్యాయి. మూడోసారి నీళ్ళు లేవు, పొడిగా తెల్లగా ఒక ఊపిరి వచ్చింది. అప్పుడు పిడి మీద రెండు వేళ్ళు వేసి, కుంచె కొస కాగితానికి తాకించినంత మెల్లగా తిప్పింది.

ఫ్...

చక్రం తిరిగింది. నిజంగా తిరిగింది. ఫ్... ఫ్... కడ్డీలు లేచి వంగాయి, లేచి వంగాయి, ఆమె వేళ్ళ కింద నుంచి ఆ బరువు తనంతట తానే జారి వెళ్ళిపోయింది. థెల్మా దాని పక్కనే నడిచింది. ఇన్నాళ్ళూ అవి విడివిడి ముక్కలు. ఇత్తడి పలక, రాగి గొట్టం, గోరంత మేకు, ప్రతిదీ తన వేళ్ళకి పేరు పేరునా తెలుసు. ఏ ముక్కలోనూ ప్రాణం లేదు. అన్నీ కలిస్తే ఇది వచ్చింది, దీన్ని తను పెట్టలేదు, నీళ్ళూ నిప్పూ వచ్చి కూర్చున్నాయి. చక్రం ఒక చుట్టు తిరిగేలోగా ఆవిరి ఊదే నాలుగు దెబ్బలూ సమంగా పడుతున్నాయి, ఒకటి ఎక్కువా లేదు, ఒకటి తక్కువా లేదు. రూబార్బ్ ఆకుల కింద ఆవిరి తెల్లగా పాకింది. వంతెన మీద దాని నీడ నీటితొట్టిలోకి తలకిందులుగా దిగి, మళ్ళీ పైకి వచ్చింది. తనకి ఇద్దరు బిడ్డలు పుట్టిన రోజులు గుర్తున్నాయి. వాళ్ళు ఎలా వచ్చారో తనకి ఆనాడూ తెలియలేదు. ఇది మాత్రం ప్రతి అంగుళం తెలుసు. తెలిసి కూడా ఇంత ఆశ్చర్యం ఎలా మిగిలింది? కళ్ళు తుడుచుకుందామంటే గుడ్డ నిండా నూనె.

ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి సిరిల్ గోడకి దగ్గరగా జరిగాడు. గొంతు సర్దుకున్నాడు. “చూశారా? చెప్పానా, మన ఏడోది నడుస్తుందని” అన్నాడు అందరితో.

హెడ్లీ టోపీ పెట్టుకుని, చంకలోంచి సంఘం పుస్తకం తీశాడు. కొత్త ఇంజన్ వస్తే అందులో చేసినవాళ్ళ పేరు, అది వాళ్ళ చేతి మీదుగా వచ్చినవాటిలో ఎన్నోదో, ఆ అంకె రాస్తారు. పెన్సిల్ కొస నాలికకి తాకించి, సిరిల్ వంక చూడకుండా అడిగాడు.

“థెల్మా ఓల్డ్‌రాయిడ్ అని రాశానమ్మా. అంకె ఏడేనా?”

ఇంజన్ మళ్ళీ రూబార్బ్ మలుపు తిరుగుతోంది. థెల్మా దాని మీంచి చూపు తిప్పలేదు.

“కాదు హెడ్లీ. ఒకటి అని రాయండి.”