మూడు చుట్ల నీలం టేపు

మెకానిక్‌కి తన చేతి మీద ఎంత నమ్మకమో, చెల్లెలి నోటి మీద అంత అనుమానం. ఆమె డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతుంది. నేర్చుకునేవాళ్ల చేత బండిని అరవై మీద పరిగెత్తిస్తోందని ఆమె మీద ఫిర్యాదు వచ్చింది. మీటరు సూది నలభై దాటలేదు మొర్రో అని ఆమె మొత్తుకుంది. వింటేగా! ఇవాళ సాయంత్రంలోగా కారులో తప్పుందని తేలకపోతే ఇక స్టీరింగు ముట్టుకోనక్కర్లేదని స్కూలు ఓనరు తేల్చేశాడు. అన్నగారూ తక్కువ తినలేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ సంగతి అని వారం కిందటే ఫోనులో చీవాట్లు పెట్టాడు.

ఇప్పుడు కారే షెడ్డుకొచ్చింది. ముందు చక్రాలు పైకెత్తి, గేరులో వేసి తిప్పాడు. కారుకి తగిలించిన స్కానరులో వేగం అరవై, మీటరులోనూ అరవై. ఇంకేముంది, వెటకారంగా చెల్లెలి వైపు చూశాడు. ఆమె తాళంచెవి అతని చేతిలో పెట్టి, గతుకుల రోడ్డు మీద నడిపి చూడమంది. పక్కన కూర్చుని ఫోనులో వేగం చూస్తూ పైకి చదివింది. ఫోను యాభై అంటుంటే సూది ముప్పై దగ్గర తూలుతోంది. అతను బండిని షెడ్డు వైపు తిప్పాడు.

తిరిగొచ్చి గేరుబాక్సు మీదున్న స్పీడు సెన్సరు ఊడదీసి, మంచిది ఇంకొకటి బిగించాడు. చక్రాలు పైకెత్తి తిప్పుతూ వైరు కదిపితే మళ్లీ అదే తంతు, సూది పడిపోయింది. అంటే పాపం సెన్సరుది కాదు. వైరు వెంబడి వేళ్లు పోనిచ్చాడు. ఒకచోట ఇనప పట్టీకి ఒరుసుకుని తొడుగు అరిగిపోయి, రాగి బయటపడింది. దాని పక్కనే నీలం టేపు, మూడు చుట్లు, కొస మడిచి. తర్వాత విప్పేవాడి గోరుకి అందాలని కొస మడిచేది చుట్టుపక్కల షెడ్లలో అతనొక్కడే. పోయిన నెల క్లచ్చు మార్చినప్పుడు, పట్టీ కింది నుంచి పోనివ్వాల్సిన వైరుని తొందరలో పైనుంచి లాగి కట్టాడు.

తల కొట్టేసినట్టయింది. ఆ టేపు పీకేసి, వైరు దానంతటదే అరిగిందంటే అడిగేవాడు లేడు. నమ్మేవాడూ లేడు. ఓనరు వస్తూనే అదే మాట అన్నాడు.

"చెల్లెలు కదా, మీరు ఏదో ఒకటి చెబుతారు."

మెకానిక్ టేపు మీద వేలు పెట్టాడు. "ఇది నా కట్టు. వైరు తప్పుగా వేసింది నేనే. ఆమె తప్పేం లేదు."

చక్రాలు తిరుగుతుండగా వైరు కదిపి చూపిస్తే సూది కిందకి పడింది. తన మీద తనే తప్పు చెప్పుకునేవాడు అబద్ధం ఆడడని ఓనరుకి తెలియంది కాదు. రేపటి నుంచి క్లాసులకి రమ్మని ఆమెతో అన్నాడు. స్కూలు కార్లు మాత్రం ఇక వేరే షెడ్డుకి వెళ్తాయని అతనితో చెప్పి వెళ్లిపోయాడు.

పదేళ్లుగా ఆ కార్లన్నీ అతని చేతి కిందే నడిచాయి. బాధ లేకపోలేదు. కానీ అంతకన్నా గట్టిగా ఇంకొకటి గుచ్చుకుంటోంది.

"అందరితోపాటు నేనూ నమ్మలేదు కదే నిన్ను."

చెల్లెలు తాళంచెవి తీసుకుంది.

"ఓనరు అన్నప్పుడు ఏడవలేదన్నయ్యా. నువ్వన్నప్పుడే ఏడ్చాను."