మా ఆయన రాసిన ఆదివారాలు

మా ఆయనకు ఫారం కనబడితే చాలు, చేతులు ఊరుకోవు. పేరు వేణుగోపాలరావు. దుబాయ్‌లో ఒక షిప్పింగ్ కంపెనీలో కాగితాల పని. మేముండే ఇంటర్నేషనల్ సిటీ పేటలో మా బిల్డింగు మొత్తానికి వీసా ఫారాలూ స్కూలు ఫారాలూ ఈయనే నింపి పెడతారు. “ఫారంలో ఉన్నది రాయకూడదు సీతా, వాళ్ళకు కావలసింది రాయాలి” అంటారు. దుబాయ్ వచ్చిన ఈ పదకొండేళ్ళుగా విని విని నా చెవులు చిల్లులు పడ్డాయి.

2014లో మా అమ్మాయి శ్రీసుధ ఇక్కడి కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ళ కోర్సు చివరికొచ్చింది. డిగ్రీ చేతికి రావాలంటే ఇంకో రెండేళ్ళు ఏదైనా యూనివర్సిటీలో చదవాలి. అడిగిన చోటల్లా “ఆ రెండేళ్ళు మా దగ్గర చెల్లవు, మళ్ళీ ఫస్టియర్‌లో చేరండి” అన్నారు. పిల్ల తలుపేసుకుని ఏడ్చింది. చివరికి గుంటూరు వైపు ఒక క్రైస్తవ విశ్వవిద్యాలయం వాళ్ళు మాత్రం నేరుగా మూడో ఏడాదిలో తీసుకుంటామన్నారు. ఇది పోతే ఇంకో దారి లేదు.

వాళ్ళ ఆన్‌లైన్ ఫారంలో ఒక ప్రశ్న ఉంది: మీ విశ్వాసం గురించి రెండు వందల మాటల్లో రాయండి. శ్రీసుధ చక్కగా రాసుకుంది. మేం హిందువులం, ఇంట్లో అమ్మ దీపం పెడుతుంది, నాకు చిన్నపిల్లలకు పాఠాలు చెప్పడం ఇష్టం, అని. అది చూసి మా ఆయన నెత్తి బాదుకున్నారు.

“క్రైస్తవుల యూనివర్సిటీకి దీపాల గొడవ రాస్తావేమిటే! సీటు గోవిందా!”

“నిజమే కదా నాన్నా రాసింది!”

“నువ్వూరుకో. ఫారాల సంగతి నీకేం తెలుసు?”

పిల్ల అటు కాలేజీకి వెళ్ళగానే అదంతా తీసేసి, తనే రాసి పంపించేశారు. ఆ మహత్కార్యం గురించి మాకు ఇంటర్వ్యూకు వెళ్తూ కారులో చెప్పారు.

“మనం ప్రతి ఆదివారం పొద్దున పదింటికి కుటుంబసమేతంగా చర్చికి వెళ్తున్నాం. గుర్తుపెట్టుకోండి. సీతా, ఆ బొట్టు తీసెయ్.”

“మీరు నిక్షేపంలా ఉండగా నేను బొట్టు తీయడమేమిటి? ఆ నోటికి తాళం వేసి కారు నడపండి” అన్నాను. నాకు ఒళ్ళు మండిపోయింది. వెనక సీట్లో శ్రీసుధ ఫోన్ తీసి, తను రాసుకున్నది వెతుక్కుంది.

కరామాలో ఒక హాల్లో ఇంటర్వ్యూ. యూనివర్సిటీ నుంచి వచ్చిన సిస్టర్ గారికి అరవై ఏళ్ళుంటాయి, తెలుగావిడే. ఫారం చదివి కళ్ళజోడు సవరించుకున్నారు.

“ప్రతి ఆదివారం పదింటికేనా, వేణుగోపాలరావుగారూ?”

“పదకొండేళ్ళలో ఒక్కటి కూడా మానలేదండీ.”

“మరి ఆఫీసు?”

మా ఆయన గబుక్కున నావైపు చూశారు. ఈ దేశంలో సెలవు శుక్రవారం. ఆదివారం పదింటికి ఈయన ఆఫీసులోనూ అమ్మాయి క్లాసులోనూ ఉంటారు. ఇక్కడి చర్చిలో జనం కిటకిటలాడేది కూడా శుక్రవారమే; ఆ రోజూ శుక్రవారమే, సిస్టర్ గారు పొద్దున అక్కడి నుంచే వచ్చారట. పదకొండేళ్ళు శుక్రవారం పూట సాంబారన్నం తిని గుర్రు పెట్టిన మనిషికి, ఫారం నింపేటప్పుడు మాత్రం మా సొంతూరు తెనాలిలోని ఆదివారం సెలవు గుర్తొచ్చింది!

“లీవు... లీవు పెడతానండీ.”

“ఏడాదికి యాభై రెండు లీవులా?”

“మా ముదీర్ దేవుడిలాంటి వాడండీ” అన్నారు, మేనేజరును తలుచుకుని.

నాకు నవ్వు ఆగక కొంగు నోట్లో కుక్కుకున్నాను. అంతలో శ్రీసుధ కళ్ళలో నీళ్ళు కనిపించాయి. నవ్వు ఎటు పోయిందో పోయింది.

“సిస్టర్, మేం ఎప్పుడూ చర్చికి వెళ్ళలేదు. నేను రాసింది ఇదీ” అని అది ఫోన్ చాపింది.

సిస్టర్ గారు నిదానంగా చదివారు. “మా దగ్గర సగం మంది హిందువుల పిల్లలేనమ్మా. ఇదే పంపి ఉంటే ఈపాటికి సీటు వచ్చేసేది” అన్నారు. తర్వాత మా ఆయన వైపు తిరిగి తెల్లకాగితం జరిపారు. “అబద్ధం రాసింది మీరు. దిద్దాల్సిందీ మీరే. అదే ప్రశ్న, రెండు వందల మాటలు. ఇక్కడే కూర్చుని నిజం రాయండి.”

ఊరందరి ఫారాలూ నింపిన మనిషి పెన్ను పట్టుకుని అరగంట కూర్చున్నారు. ఒకసారి నావైపు వంగి, “సీతా, వీళ్ళకేం కావాలంటావ్?” అని గుసగుసగా అడిగారు.

“నిజం కావాలట. ఉంటే రాయండి” అన్నాను.

చివరికి నాలుగు ముక్కలు రాసిచ్చి తలవంచుకున్నారు. సిస్టర్ గారు పైకి చదివారు: “దేవుడి మీద నాకు నమ్మకం ఉంది. లేనిది మా అమ్మాయి మీద. తన మాటలు తను రాస్తే సీటు రాదనుకున్నాను. తప్పు నాది, సీటు దానికివ్వండి.”

ఇంత మాట ఈయన నోటెంట ఏనాడూ వినలేదు.

“రెండు వందల మాటలు లేవే” అంటూనే సిస్టర్ గారు సంతకం చేసి, “జూన్‌లో వచ్చి చేరమ్మా” అన్నారు.

మా ఆయన కుర్చీలోంచి లేవలేదు. శ్రీసుధ వెళ్ళి ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

“లే నాన్నా, ఆకలేస్తోంది” అంది.