పిట్టల పళ్లెంలో ఉప్పు

గుజరాత్‌లో మన నేతపనివాళ్లు ఉండే గోడాదరాలో, ఆ సందులో అందరికంటే ముందు లేచేది బాలవ్వ. ముఖం కడుక్కోవడం, చాయ్ పెట్టుకోవడం అన్నీ తర్వాత. ముందు రాత్రి నానబెట్టిన సజ్జలు గుడ్డలో వడకట్టి, పెరటి గోడ మీది సత్తు పళ్లెంలో పోసేది. పెరడంటే పెద్దదేమీ కాదు, రెండు మంచాలు వేస్తే నిండిపోతుంది. ఒక బొప్పాయి చెట్టు, ఒక నల్లా, నడుమెత్తు గోడ. గోడకు అవతల అంబదాస్ ఇల్లు.

పిట్టల తిండి దగ్గర బాలవ్వ ఎవరి మాటా వినేది కాదు. పిచ్చుకలకు సజ్జలు, నూకలు. జీనువాయి పిట్టలకు కొర్రలు. పికిలిపిట్టలకు బొప్పాయి ముక్క, అదీ బాగా మాగినదే. నీళ్లు లోతులేని మూకుడులో పోసి, పిట్టలు మునగకుండా మధ్యలో ఒక గులకరాయి వేసేది. పుణ్యం వస్తుంది కదా అని ఎవరైనా గాంఠియా అనే శనగపిండి కారాల పొడో, నిన్నటి పులావో తెచ్చారంటే ఇక వాళ్ల పని అయిపోయినట్టే.

"ఉప్పు తగిలింది ఏదీ ఈ పళ్లెంల పడొద్దు. చిన్న పానం, ఆగదు. మీకు పుణ్యం గావాల్నా, దానికి సావు గావాల్నా?" అని పళ్లెం బూడిద పెట్టి తోమేసేది.

సజ్జలు ఆమెవి కావు. సలాబత్‌పురాలో చీరల దుకాణం ఉన్న ఒక సేఠ్ పిట్టల కోసమని బస్తాలు పంపేవాడు. ఆ బస్తా మీద పిట్టలకు తప్ప ఎవరికీ హక్కు లేదు, బాలవ్వకు కూడా. తన పొట్టకు ఆమె చీరలకు వేలాడే దారాలు కత్తిరించి సంపాదించుకునేది.

పిట్టల వాటా మనిషి తింటే మాట పోయి పిట్టకూత వస్తుందని సందులో అందరికీ తెలుసు. ఒకసారి ఇంటి ఓనరు బావమరిది పళ్లెంలోని బొప్పాయి ముక్క నోట్లో వేసుకుని, తన నిశ్చితార్థంలో కిచకిచమన్నాడు. ఆడపిల్ల తరఫు వాళ్లు కాసేపు ఆలోచించి, పిల్లవాడు మాట్లాడడం తక్కువ, మంచిదేలే అని సరిపెట్టుకున్నారు. తిన్నవాడు తను సంపాదించిందో, ఇంకొకరిని అడిగి తెచ్చిందో, ఒక పిడికెడు గింజలు తన చేత్తో పళ్లెంలో పోస్తే మాట తిరిగి వచ్చేది. అంతకంటే ఎవరూ పట్టించుకోలేదు.

అంబదాస్ పవర్‌లూమ్ కార్ఖానాలో మాస్తరు. సిరిసిల్ల నుంచి వచ్చిన కుర్రాళ్లందరూ అతని చేతికింద మగ్గం నేర్చుకున్నవాళ్లే. వంద మగ్గాల రొదలో ఏ మగ్గం తప్పు కూస్తోందో అతని చెవికి తెలిసేది. ఇస్త్రీ చొక్కా లేకుండా గడప దాటేవాడు కాదు. నోరు మాత్రం ఎప్పుడూ గడప దాటే ఉండేది.

ఆ ఏడు లాక్‌డౌన్ వచ్చి మగ్గాలు ఆగిపోయాయి. సందు చివర ఎవరో ట్రస్టువాళ్లు మధ్యాహ్నం పూట ఖిచిడీ పంచడం మొదలుపెట్టారు. అంబదాస్ దగ్గర పనిచేసే పరమేశ్ స్టీలు గిన్నె పట్టుకుని లైనుకు పోతుంటే, అంబదాస్ తలుపులో నిలబడి సందంతా వినేట్టు అన్నాడు:

"చేతులున్నోడు గిట్ల చెయ్యి చాపుతడారా? జర ఇజ్జత్ ఉండాలె."

పరమేశ్ తల దించుకుని వెళ్లిపోయాడు. గోడ అవతల బాలవ్వ ఈ మాట విన్నది. సాయంత్రం గోడ దగ్గరకు వచ్చి మెల్లగా పిలిచింది.

"అంబదాసూ, ఇన్ని బియ్యం తీస్కపో బిడ్డా. నేనొక్కదాన్నేనాయె, నాకెందుకు గన్ని?"

"మా ఇంట్ల ఏం తక్కువైందవ్వా? నువ్వు తిను మంచిగ," అన్నాడు, నవ్వుతూనే.

తక్కువ కావడానికి ఆ తర్వాత ఎంతో కాలం పట్టలేదు. బియ్యం డబ్బా అడుగు కనిపించిన రోజు అతని భార్య భూదేవి గిన్నె తీసింది.

"నేను పోయి లైన్ల నిలబడత."

"మాస్తరు పెండ్లాం లైన్ల నిలబడ్డదంటే నేను సచ్చినట్టే."

"అయితే పిల్లకేం పెట్టాలె? నీ ఇజ్జత్ వండి పెట్టాల్నా?"

పిల్ల పేరు అనురాధ. ఇంకా బడికి పోని వయసు. ఆకలి అని అడగడం మానేసి మూలన పడుకుంది. ఆ పడుకోవడం అంబదాస్ చూడలేకపోయాడు. తెల్లవారుజామున, చుట్టూ చూసి, గోడ మీదికి చెయ్యి చాపి పళ్లెంలోని సజ్జలు దోసిట్లోకి ఊడ్చుకున్నాడు. భూదేవి వాటిని దంచి గటక కాచింది. ముగ్గురూ తిన్నారు.

అంబదాస్ పిల్లను పలకరిద్దామని నోరు తెరిస్తే పికిలిపిట్ట కూత వచ్చింది. అనురాధ చప్పట్లు కొట్టి తనూ కూసింది. భూదేవి మొగుణ్ని తిట్టడం మొదలుపెట్టింది. ఆ తిట్లు పిట్ట గొంతులో ఎంత ముద్దుగా ఉన్నా అర్థం మాత్రం ఏమీ తగ్గలేదు. అంబదాస్ తలుపు గడియ పెట్టాడు. ఎవరైనా పిలిస్తే కిటికీలోంచి తల ఊపేవాడు. దగ్గుతూ తప్పించుకుందామంటే, దగ్గు వినిపిస్తే చాలు సందంతా బెదిరిపోయే రోజులవి. పుట్టి బుద్ధెరిగాక అతను అంత సిగ్గుపడింది లేదు. అయినా మర్నాడు మళ్లీ చెయ్యి చాపాడు.

కొన్నాళ్లకు పళ్లెంలో సజ్జలకు బదులు బియ్యం కనిపించాయి. తర్వాత కందిపప్పు. ఆ తర్వాత ఉల్లిగడ్డలు, ఆలుగడ్డలు, ఒకరోజు నూనె పాకెట్. ముసలిదానికి చాదస్తం ముదిరింది, పిట్టలకు ఏం పెట్టాలో కూడా మరిచిపోతోంది అని అంబదాస్ తనకు తాను చెప్పుకున్నాడు. మనిషి తనకు తాను చెప్పుకునే మాటలకు పిట్టకూత అడ్డం రాదు.

ఒక తెల్లవారి పళ్లెంలో ఉప్పు పాకెట్ ఉంది.

చాపిన చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. ఉప్పు. ఊళ్లో ఎవరేం మరిచిపోయినా బాలవ్వ ఉప్పు సంగతి మరిచిపోదు. అంటే ఆమెకు తెలుసు. మొదటి రోజు నుంచీ తెలుసు. గోడ అవతల పిట్టలు లేని ఇంట్లోంచి పిట్టకూతలు విని, అతను చేత్తో ఇస్తే పుచ్చుకోడని, పిట్టల పేరు చెప్పి పెడుతోంది. అతని చెవులు మండిపోయాయి. పాకెట్ అక్కడే వదిలి వెళ్లిపోవాలనిపించింది.

వదల్లేదు, తీసుకున్నాడు. ఆ పూట పప్పులో ఉప్పు పడింది. పిల్ల రెండోసారి అడిగి పెట్టించుకుంది. ఉప్పు తిన్నాక విశ్వాసం ఉండాలంటారు. ఒకసారి వెళ్లి అవ్వ కాళ్లకు మొక్కి రావాలనుకున్నాడు. మాట రాదు కదా, వెళ్లి ఏం చేస్తానులే అని ఆగిపోయాడు. మాట రాకపోవడం అతనికి మొదటిసారి సుఖంగా అనిపించింది.

ఆ వారమే ఒక పొద్దున పళ్లెం ఖాళీగా ఉంది. సజ్జలు కూడా లేవు. పిచ్చుకలు, పికిలిపిట్టలు గోడ మీద వరసగా కూర్చుని ఎదురుచూస్తున్నాయి. అంబదాస్‌కు ముందుగా వచ్చింది కోపం. ఇవాళ ఏమీ పెట్టలేదా అనుకున్నాడు. ఆ తర్వాత బతికినన్నాళ్లూ అతను మరిచిపోదామన్నా మరిచిపోలేనిది ఆ కోపమే.

అప్పుడు బాలవ్వ ఇంట్లోంచి ఒక పికిలిపిట్ట కూసింది.

తలుపు లోపల గడియ పెట్టి ఉంది. సందులో ఎవరు విన్నా, పొద్దున్నే పిట్ట కూస్తోంది అనుకుంటారు. అనుకున్నారు కూడా. కానీ గోడ మీది పిట్టలన్నీ నోరు మూసుకుని ఉన్నాయి. పైగా ఆ కూత మధ్య మధ్య ఆగుతోంది, మాటకూ మాటకూ నడుమ మనిషి ఆగినట్టు. ఇన్నాళ్లుగా తన ఇంట్లో రోజంతా వింటున్న కూత అది. తన గొంతులోదే. లోపల కూస్తున్నది పిట్ట కాదని సందు మొత్తంలో అతనొక్కడికే తెలిసింది.

గోడ దూకి తలుపు తోశాడు. కదల్లేదు. ఒక్కడి వల్ల అయ్యేది కాదు. పిలవాలి. పిలవాలంటే నోరు తెరవాలి.

అంబదాస్ మాస్తరు చొక్కా లేకుండా సందు నడిమధ్యకు వచ్చి, నరాలు ఉబ్బేట్టు పిట్టలా కూశాడు. కిటికీలు తెరుచుకున్నాయి. అతను ఎవరి వాటా తిన్నాడో ఎవరూ చెప్పకుండానే అందరికీ అర్థమైపోయింది. ముందుగా బయటికి వచ్చినవాడు పరమేశ్.

"మాస్తర్ సాబ్... నువ్వా?"

అంబదాస్ తల ఎత్తలేదు. వాడి రెక్క పట్టుకుని లాక్కుపోయాడు. ఇద్దరూ భుజాలు పెడితే గడియ ఊడింది.

బాలవ్వ పొయ్యి పక్కన నేల మీద పడి ఉంది. ఒళ్లు కాలడం లేదు, చల్లగా ఉంది. బియ్యం డబ్బా బోర్లించి ఉంది. దారాల పనికి చీరలు రావడం ఎప్పుడో ఆగిపోయింది. పక్కన గిన్నెలో నానిన సజ్జలు కొన్ని, కొరికి మింగలేక వదిలేసినవి. తన బియ్యమంతా గోడ మీద పెట్టి, తను పిట్టల బస్తాలో చెయ్యి పెట్టింది. అతన్ని చూసి ఏదో అనబోయింది. కూతే వచ్చింది.

"అన్నం లేక పడ్డదన్నా," అన్నాడు పరమేశ్. వాడి గొంతులో కోపం లేదు. ఉంటే అంబదాస్‌కు కొంత తేలికయ్యేది. పరమేశ్ చక్కెర నీళ్లు తాగించాడు.

మధ్యాహ్నం అంబదాస్ గిన్నె పట్టుకుని లైనులో నిలబడ్డాడు. తన దగ్గర పని నేర్చుకున్న కుర్రాళ్లు పక్కకు చూశారు. వడ్డించే మనిషి "కేట్లా జణ?" అని ఎంతమందో గుజరాతీలో అడిగితే నాలుగు వేళ్లు చూపించాడు. అతను మళ్లీ అడిగాడు. అంబదాస్ కూశాడు. అతను తల ఊపి నలుగురికి వడ్డించాడు.

భూదేవి బాలవ్వకు మెత్తగా కలిపి తినిపించింది. ఇక పళ్లెం నింపాలి. ఖిచిడీలో ఉప్పుంది, పనికిరాదు. బస్తాలోనివి పిట్టలవే. అంబదాస్ పరమేశ్ గుమ్మం ముందుకు వెళ్లి, ఏ నోటితో చెయ్యి చాపొద్దన్నాడో ఆ నోరు మూసుకుని, చెయ్యి చాపాడు.

పరమేశ్ నూకలు తెచ్చి పోశాడు. అవి ఒక్క పిడికెడే ఉన్నాయి.

అంబదాస్ ఆ పిడికెడు తన కోసం వాడుకోలేదు. పళ్లెం బాలవ్వ దగ్గరకు తెచ్చి, ఆమె అరచెయ్యి తెరిచి, నూకలు అందులో పోశాడు. ఆమె వేళ్లు వాటిని పళ్లెంలోకి వదిలాయి. పళ్లెం గోడ మీద పెట్టగానే పిచ్చుకలు దిగాయి.

"ఖిచిడీల ఉప్పు జర తక్కువైంది బిడ్డా," అంది బాలవ్వ. మనిషి గొంతు.

అంబదాస్ ఆమె కాళ్ల దగ్గర కూలబడ్డాడు. తప్పయిందవ్వా అనాలి. నీ బువ్వ తిన్నా, నువ్వు ఎండిపోతుంటే గోడ ఇవతల నోరు మూసుకుని కూర్చున్నా, ఇంతకంటే సిగ్గులేని బతుకు ఉండదు అనాలి. అన్నీ అన్నాడు. అన్నీ కూతలే. గోడ మీది పిట్టలు తినడం ఆపి అతని వైపు తిరిగి చూశాయి.

బాలవ్వ అతని తల మీద చెయ్యి వేసింది.

"ఇన్న బిడ్డా, ఇన్న," అంది. "గోడ అవతల్నుంచి నీ గొంతు దినాం ఇంటనే ఉన్న."