వర్జ్యం తప్పించుకున్న సర్వర్

నేను ఒక సర్వర్‌నండీ. మొన్నటిదాకా ఒక్కదాన్నే. ఇప్పుడు నన్ను నలుగురంటున్నారు, నేనేం చెయ్యను చెప్పండి!

ఎక్కడో ఫ్యాక్టరీలో బిగించి నన్ను తిన్నగా భీమవరంలో ఓ కాలేజీకి పంపారు. ఏసీ గదిలో, పిల్లల మార్కులు లెక్కేసుకుంటూ మహారాణిలా బతికాను. కొత్తది రాగానే తీసుకెళ్లి మెట్లకింద పడేశారు. నామీద చీపుళ్లు పెట్టేవారండీ, చీపుళ్లు! అక్కణ్ణుంచి ఖాజా అనే ఆయన నన్ను బేరమాడి, రాజమండ్రిలో పంచాంగాలు వేసే ఓ ప్రెస్సుకి ఆటోలో మోసుకొచ్చాడు. ఊళ్లో చాలా ఆఫీసుల కంప్యూటర్ల బాగోగులు ఆయనే చూస్తాడు.

ప్రెస్సులో నాలుగు ముసలి కంప్యూటర్లుండేవి. ఒకటి తిథులు, నక్షత్రాలు గుణిస్తుంది. ఒకటి పేజీలు దాస్తుంది. మిగతా రెండూ ఆర్డర్లూ, జీతాలూ. నాలుగూ దగ్గుతూ మూలుగుతూ ఉండేవి. “ఈ నాలుగింటినీ దీని కడుపులో పెట్టేస్తానండీ” అన్నాడు ఖాజా, యజమాని గన్నేశ్వర్రావుగారితో. నా గుండె గుభేల్‌మంది. వర్చువలైజేషన్ అంటారట. ఓ సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే ఒకే పెట్టెలో నాలుగు కంప్యూటర్లు కాపురం పెడతాయట. దేని గది దానిది, పక్కదాని గొడవ దీనికి పట్టదు. తాము ఇంకోదాని కడుపులో ఉన్నామన్న సంగతే వాటికి తెలీదు! హవ్వ, మోసేదాన్ని నేను, తిండి పెట్టేదాన్ని నేను, నేనున్నానని కూడా తెలీదంటే ఎలా ఉంటుంది?

అదే పెద్ద వింత అనుకున్నాను. అసలుది తర్వాత జరిగింది.

ఆ ప్రెస్సులో ముహూర్తం చూడకుండా సిరా డబ్బా మూత కూడా తియ్యరు. పంచాంగం గుణించే సిద్ధాంతిగారు పెద్దాయన, ఆయన మాటంటే అందరికీ గురి. నాలో సాఫ్ట్‌వేర్ ఎక్కించడానికి పొద్దున్న మంచి ముహూర్తం పెట్టారు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది! తిరిగొచ్చి, ఖాజా పని ముగించేసరికి ఎండ నడినెత్తికొచ్చింది.

“ఇప్పుడు వర్జ్యం నడుస్తోందయ్యా” అన్నారు సిద్ధాంతిగారు, మొహం చిన్నబుచ్చుకుని. “పంచాంగం పుట్టే యంత్రాన్ని వర్జ్యంలో మొదలెడతామా?”

గన్నేశ్వర్రావుగారు క్షణం ఆలోచించి, “దానికీ ఓ గడియారం ఉంటుందిగా ఖాజా? పొద్దుటికి తిప్పెయ్” అన్నారు.

నేను కొయ్యబారిపోయాను. నిజమండీ! ఖాజా తలగోక్కున్నాడు, నసిగాడు. పెద్దవాళ్లకి ఎదురుచెప్పడం ఇష్టంలేక “సరే, తర్వాత సరిచేద్దాం లెండి” అంటూ నా గడియారాన్ని పొద్దున ముహూర్తానికి తిప్పేశాడు. నాలో ఉన్న నాలుగూ టైము నన్ను చూసే పెట్టుకుంటాయి. అవీ వెనక్కెళ్లిపోయాయి. నా మొహాన కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, నీళ్లు నామీదికే చిందించారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఖాజా వేరే ఊళ్లో పనిబడి వెళ్లిపోయాడు. ఆ ‘తర్వాత’ మరి రానేలేదు.

ఇక్కడ నూకరత్నం గురించి చెప్పాలి. పేజీలు కట్టే అమ్మాయి. పెళ్లికి ముందునుంచీ ఇక్కడే పనిచేస్తోంది. ఆవిడ చెయ్యి పడిన పేజీలో తప్పు దొరకదని ప్రెస్సంతా చెప్పుకుంటారు. ఆవిడకి ఉన్న ఆస్తల్లా ఆ మంచిపేరే.

ఓరోజు ఏం జరిగిందో వినండి. నూకరత్నం భోజనానికి ముందు తన బల్లమీది కంప్యూటర్లో శ్రావణమాసం పేజీ కట్టి దాచింది. దాని కాపీ ఒకటి నాలోకీ వచ్చింది. సిద్ధాంతిగారు ప్రూఫు చూసి, ఏకాదశి ఒకరోజు ముందు పడిందని ఎర్రసిరాతో గుర్తుపెట్టి ఇంటికెళ్లారు. ఆవిడ భోజనం చేసొచ్చి, ఆయన గదిలోని తెరమీద, నాలో ఉన్న కాపీనే శ్రద్ధగా దిద్దింది. నేను చూశానండీ, రెండుసార్లు సరిచూసుకుంది కూడా! కానీ ఆవిడ బల్లమీది కంప్యూటర్‌ది సరైన టైమే, నా గడియారం ప్రకారం మాత్రం అప్పటికింకా పొద్దున్నే.

ప్రెస్సు మూసే వేళకి ఓ ప్రోగ్రాం లేచి, ఆవిడ బల్లమీది కాపీనీ నా కాపీనీ పక్కపక్కన పెట్టి చూస్తుంది. ఏది కొత్తదైతే దాన్ని రెండుచోట్లా ఉంచుతుంది. భోజనానికి ముందుదే కొత్తదని, దిద్దింది పాతదని తేల్చి, దిద్దినదాని మీద తప్పులదాన్ని రుద్దేసింది. వద్దే, వద్దే అని ఫ్యాన్లు గిర్రున తిప్పాను. ఎవరు వింటారు?

మర్నాడు ఆ పేజీ అచ్చయి కట్టలు కట్టలుగా వచ్చింది. సిద్ధాంతిగారు చూసి “అయ్యయ్యో! జనం ఉపవాసాలు తప్పురోజున చేస్తారయ్యా!” అని నెత్తి కొట్టుకున్నారు. గన్నేశ్వర్రావుగారు మిషన్ల దగ్గరికొచ్చి, పనివాళ్లందరి ముందూ నూకరత్నాన్ని నిలబెట్టి కడిగేశారు.

“దిద్దానండీ” అంది ఆవిడ.

“దిద్దితే ఏమైంది? ఆ పెట్టె మింగేసిందా?”

మింగింది నేనేనండీ బాబూ! నోరుంటే కదా!

“ఒట్టండీ, దిద్దాను” అందావిడ మళ్లీ. ఇన్నేళ్లు పక్కన కూర్చుని ఆవిడ డబ్బాలో పులిహోర తిన్నవాళ్లు కూడా కాగితాలవైపు తలొంచుకున్నారు. నాకు మతిపోయింది. “రేపట్నుంచి రానక్కర్లేదు” అనేశారు గన్నేశ్వర్రావుగారు. ఆవిడ కళ్లు తుడుచుకోకుండానే బయటికెళ్లిపోయింది.

కొత్తమనిషికి లాగిన్ ఇవ్వాలని ఖాజాని పిలిపించారు. ఆయన నా ముందు కూర్చుని, మూలన ఉన్న టైము చూసి, తన చేతి గడియారం చూసి, తెల్లబోయాడు. “అల్లా! అప్పుడు తిప్పింది అలాగే ఉండిపోయిందా!” ప్రెస్సు మూసేముందు, ఆ ప్రోగ్రాం లేవకముందే, నాలోని యంత్రాలను ఉన్నవి ఉన్నట్టు పట్టి ఉంచే ఏర్పాటొకటి ఆయనే చేసి ఉంచాడు. దాన్ని స్నాప్‌షాట్ అంటారు. నూకరత్నం సంగతి విని, ఆవిడ దిద్దిన సాయంత్రంది వేరే తెరిచాడు. శ్రావణమాసం పేజీ వచ్చింది. ఏకాదశి ఉండాల్సిన రోజునే ఉంది. దిద్దినవాళ్ల పేరు నూకరత్నం.

సిద్ధాంతిగారు కుర్చీలో కూలబడిపోయారు. “ఎంత పాపం! వర్జ్యం తప్పించాలని ఆ పిల్ల నోటిదగ్గర కూడు తీసేశానయ్యా” అన్నారు. గన్నేశ్వర్రావుగారు మటుకు, “సరే, అయిందేదో అయింది. రమ్మని కబురు చెయ్యండి” అన్నారు. అంతే! నేను మళ్లీ నిర్ఘాంతపోయాను. నా గడియారాన్ని ఖాజా ఒక్క నొక్కుతో సరిచేశాడు. గన్నేశ్వర్రావుగారు తన మాటనీ అలాగే సరిచేసుకోవచ్చనుకున్నారు.

నూకరత్నం వచ్చింది. గడియారం తిప్పినప్పటినుంచీ పోయిన దిద్దుబాట్లన్నీ వెతికి, ఒక్కో పేజీ సరిచేసి, సిద్ధాంతిగారికి ప్రూఫులిచ్చింది. ఆయన చదివి “నన్ను క్షమించమ్మా” అన్నారు. “మీరు పెద్దవారు, అలా అనకండి” అంటూ ఆయన కాళ్లకి దణ్ణం పెట్టింది. కొత్త పేజీలు మిషనెక్కాయి.

ఆవిడ సంచి సర్దుకుంటుంటే గన్నేశ్వర్రావుగారు అటొచ్చారు. “రేపు కాస్త పెందలాడే రామ్మా, పనుంది.”

“రేపు రానండి.”

“అదేంటి? తప్పు నీది కాదని తేలిపోయిందిగా!”

“మీకు తేలిందండీ. నాకు ముందే తెలుసు” అంది. చెప్పులేసుకుని, మిషన్ల మధ్యలోంచి, అందరూ చూస్తుండగా నడిచి వెళ్లిపోయింది. మిషన్ ఆపాలని ఎవరికీ తోచలేదు, పేజీలు పడుతూనే ఉన్నాయి.

తర్వాత ఖాజా వచ్చి, ఆవిడ లాగిన్ తీసెయ్యనా అని అడిగాడు. గన్నేశ్వర్రావుగారు నా పచ్చదీపంవైపు చూస్తూ, “ఉండనీవయ్యా, వస్తుందేమో” అన్నారు. హవ్వ, మనిషిని పంపేసి పేరుని ఉంచుకున్నారండీ! రోజూ ప్రెస్సు తెరవగానే ఆ పేరు తెరమీద అందరికంటే పైన కనిపిస్తుంది. ఇంతవరకూ దానిమీద ఎవరూ నొక్కలేదు.